బాగైందని మందు ఆపితే: ఉబ్బసం, పీల్చే మందు గురించి నాలుగు మాటలు

(మండల సమాఖ్య మహాజన సభలో ఒక గ్రూపు లీడరు చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ మైకు ముందుకొచ్చి మా గ్రూపు పొదుపు ఎంత, అప్పు ఎంత, స్త్రీనిధి కంతులు ఎన్ని కట్టినాం అని చెప్పిపోతా ఉంటి. ఈసారి ఆ లెక్కలన్నీ ఈ పుస్తకంలోనే అచ్చయినాయి కాబట్టి, వాటిని మళ్లా చదవను. ఈరోజు నేను ఊపిరి గురించి మాట్లాడతాను. ఇదేంది, ఈ యమ్మ డాక్టరా అనుకోవద్దు. నేను చదివింది పదో తరగతి. కానీ నాకు ఉబ్బసం ఉంది. రెండేండ్లుగా దాంతో కాపురం చేస్తా ఉన్నా. నేను చేసిన తప్పు మీరు చేయకూడదని చెప్తా ఉన్నా.

పోయినేడు బ్యాంకు లింకేజీ సంతకాల రోజు మా గ్రూపు నుంచి రెండో లీడరు ఒక్కతే వచ్చింది. నేను రాలేదు. "లీడరే రాకపోతే ఎట్లా" అని కొందరు కోప్పడినారంట. కోపం న్యాయమే. ఆ పొద్దు నేను కర్నూల్లో ఆస్పత్రి మంచం మీద ముక్కుకు మాస్కు పెట్టుకొని ఉన్నా. ఆ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా ఈరోజు చెప్తాను.

మొదట్లో ఏమైందంటే

మాది ఎర్రనేల. మూడెకరాల్లో బుడ్డలు వేస్తాం, కొంచెం టమోటా వేస్తాం. రెండేండ్ల కింద బుడ్డలు కొట్టే కాలంలో నాకు దగ్గు పట్టుకుంది. పగలు బాగానే ఉండేది. రాత్రి రెండు మూడు గంటలకు దగ్గుతో మెలకువ వచ్చేది. ఛాతీలో పిల్లికూతలు. లేచి కూర్చుంటే కొంచెం నయం. తెల్లారి పొయ్యి కాడ కూర్చుంటే మళ్లా మొదలు. తిరగమోత ఘాటు తగిలినా, కసువు ఊడ్చినా, చలిగాలి తగిలినా దగ్గే.

"దుమ్ము పడింది, అదే పోతుంది" అన్నారు ఇంట్లో. ఊర్లో ఒకాయన దగ్గర సూది వేయించుకుంటే రెండు రోజులు హాయిగా ఉండేది. మళ్లా పది రోజులకు అదే పాట. ఇట్లా ఆ కాలమంతా ఐదారు సూదులు పడినాయి. అవి ఏం సూదులో నేను అడగలేదు. అడగాలని కూడా తెలీదు.

మా ఆశా చెల్లి చెప్పింది, "అక్కా, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ముందు కళ్లె పరీక్ష చేయించుకోవాల" అని. అది మంచి మాట. మీరూ గుర్తు పెట్టుకోండి. క్షయ పరీక్ష, దాని మందులు సర్కారు ఆస్పత్రిలో ఉచితమే. నాకు క్షయ లేదని తేలింది. ఆ తర్వాత కర్నూలుకు పోతే అక్కడ ఊదే పరీక్ష చేసినారు. ఒక గొట్టంలోకి గట్టిగా ఊదమంటారు. తర్వాత ఊపిరి గొట్టాలు తెరుచుకునే మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లా ఊదమంటారు. రెండోసారి ఊపిరి బాగా ఎక్కువ వస్తే అది ఉబ్బసం అని గుర్తు. నాకు అట్లే వచ్చింది. "తేలికపాటి ఉబ్బసం, భయపడొద్దు" అన్నారు డాక్టరమ్మ.

తేలిక అనే మాట విని నేను తేలిగ్గానే తీసుకున్నా. అక్కడే మోసపోయినా.

ఉబ్బసం అంటే లోపల ఏం జరుగుతుంది

డాక్టరమ్మ నాకు చెప్పిన విధంగానే మీకు చెప్తా. మీ చేతికి దెబ్బ లేకపోతే ఎంత కారం కలిపినా ఏం కాదు. అదే చేతి చర్మం గీసుకుపోయి ఉంటే? చిటికెడు కారం తగిలినా ప్రాణం పోతుంది. కారం అదే. తేడా చర్మంలో ఉంది.

మన ఊపిరి గొట్టాలు కూడా అంతే. ఉబ్బసం ఉన్నోళ్లకు ఆ గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కొంచెం వాచి, ఎర్రబడి, పచ్చిగా ఉంటుంది. మనకు తెలియదు. నొప్పి ఉండదు. కానీ దుమ్ము, పొగ, చలిగాలి, పడిశం, ఘాటు ఏది తగిలినా ఆ గొట్టాల చుట్టూ ఉన్న కండ గట్టిగా బిగుసుకుంటుంది. దారి ఇరుకైపోతుంది. కళ్లె ఊరుతుంది. అందుకే ఒకే కళ్లంలో, ఒకే మిషన్ కాడ మా అత్తా నేనూ నిలబడితే ఆమె తుమ్మి ఊరుకుంటుంది, నేను ఊపిరాడక కూర్చుంటా. దీన్నే ఊపిరి గొట్టాల సున్నితం అంటారు.

ఈ సున్నితాన్ని పెద్ద ఆస్పత్రుల్లో కొలుస్తారు కూడా. మెథాకొలిన్ అనే మందును మొదట చాలా కొంచెం పీల్పిస్తారు. ఊదిస్తారు. తర్వాత దాన్ని పెంచుకుంటూ పోయి, ప్రతిసారీ ఊదిస్తారు. ఊపిరి 20 శాతం తగ్గినకాడ ఆపేస్తారు. మంచి ఊపిరి ఉన్నోళ్లకు ఎక్కువ పీల్చినా ఏం కాదు. ఉబ్బసం ఉన్నోళ్లకు కొంచెం పీలిస్తేనే తగ్గిపోతుంది. ఎంత తక్కువకు తగ్గితే గొట్టాలు అంత సున్నితం అన్నమాట. ఆ పరీక్ష అందరికీ అవసరం లేదు. ఇంట్లో ఎవరికి వాళ్లు చేసుకొనేది అసలే కాదు.

రెండు మందులు, రెండు పనులు

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. ఉబ్బసానికి పీల్చే మందులు ముఖ్యంగా రెండు రకాలు.

ఒకటి, అప్పటికప్పుడు ఊపిరి తెరిచేది. సాల్బుటమాల్ అంటారు. బిగుసుకున్న కండను వదులు చేస్తుంది. నిమిషాల్లో పని చేస్తుంది, నాలుగైదు గంటలు ఉంటుంది. కానీ లోపలి వాపును ముట్టుకోదు.

రెండోది, లోపలి వాపును తగ్గించేది. ఇదే పీల్చే స్టెరాయిడ్. బ్యుడెసొనైడ్, బెక్లోమెథసోన్, ఫ్లూటికసోన్ అని పేర్లు ఉంటాయి. ఈ రకం పంపు ఇంగ్లండులో 1972లో వాడకానికి వచ్చింది. అంటే ఇది నిన్నో మొన్నో కనిపెట్టిన మందు కాదు, యాభై ఏండ్ల పైబడిన మందు. ఇది పీల్చిన వెంటనే మనకు ఏమీ తెలియదు. గాలి తెరుచుకున్నట్టు ఉండదు. అందుకే మనోళ్లు "ఇది పని చేయలేదు, ఆ నీలం పంపే మంచిది" అంటారు.

రంగు చూసి నమ్మొద్దు. కంపెనీని బట్టి రంగు మారుతుంది. డబ్బా మీద పేరు చదవండి. చదవను రాకపోతే పిల్లలతో చదివించి, ఊపిరి తెరిచేదాని మీద ఒక గీత, వాపు తగ్గించేదాని మీద రెండు గీతలు పెట్టుకోండి. మా ఇంట్లో అట్లే పెట్టుకున్నాం.

ఈ రెండో మందు ఎన్నాళ్లకు ఏం చేస్తుంది? ఇది బాగా వినండి. నేను తప్పు చేసింది ఇక్కడే.

రోజూ పీలుస్తా పోతే మొదటి వారం రెండు వారాల్లో రాత్రి దగ్గు తగ్గుతుంది. నిద్ర పడుతుంది. ఊదే లెక్క కొంచెం పెరుగుతుంది. కొన్ని వారాలకు గొట్టాల సున్నితం తగ్గడం మొదలవుతుంది. ఇందాక చెప్పిన పరీక్ష మళ్లా చేస్తే, అదే ఇబ్బంది రావడానికి ముందు ఇచ్చినదానికి రెట్టింపో, ఇంకా ఎక్కువో ఇవ్వాల్సి వస్తుంది చాలామందికి. అంటే గాయం మానుతా ఉంది, కారం అంత మండడం లేదు. కానీ అప్పటికి గాయం పూర్తిగా మానలేదు. ఆ సున్నితం తగ్గడం నెలల తరబడి, ఏడాది దాకా కూడా మెల్లగా సాగుతూనే ఉంటుంది.

అంటే బాగైనట్టు మనకు అనిపించేది ముందు. లోపల నిజంగా బాగయ్యేది చాలా తర్వాత. ఈ రెండింటి మధ్యలో ఉన్న కాలమే మనల్ని మోసం చేస్తుంది. ఇంకో మాట. మందు ఆపేస్తే కొన్ని రోజులకో వారాలకో ఆ సున్నితం మళ్లా మొదటికే వస్తుంది.

నేను చేసిన తప్పు

నేను మూడు వారాలు పీల్చినా. మొదటి వారానికే దగ్గు తగ్గింది. మూడో వారానికి మనిషిని మనిషైనా. పత్తికొండ మార్కెట్టుకు టమోటా గంపలు మోసుకొని పోయినా. "ఇంకెందుకు ఈ పంపు, ఊరికే అలవాటైతే ఎట్లా, దాంట్లో స్టెరాయిడ్ ఉందంట, ఒళ్లు ఉబ్బుతుందంట" అని ఇంట్లో అందరూ అన్నారు. నాకూ అదే అనిపించింది. మూడు వందల పైచిలుకు పెట్టి కొన్న డబ్బా. సగానికి పైన మందు ఉండగానే గూట్లో పెట్టేసినా. డాక్టరమ్మ మూడు నెలలకు మళ్లా రమ్మని రాసిచ్చినారు. పోలేదు.

వానాకాలం గడిచింది. ఏం కాలేదు. నేను గెలిచినా అనుకున్నా. బుడ్డలు పీకి, కళ్లంలో మిషన్ పెట్టినాం. ఆ వారమంతా ఊర్లో పడిశం తిరుగుతా ఉంది. రెండో రోజు సాయంత్రానికి ఛాతీ పట్టేసింది. ఊపిరి తెరిచే పంపు పీలిస్తే గంటసేపు నయం, మళ్లా అదే. రాత్రికి గంట గంటకూ పీలుస్తా ఉన్నా. తెల్లవారుజామున మా చిన్నోడు "అమ్మా, నీళ్లు కావాలా" అని అడిగితే "కావాల" అనే ఒక్క మాట కూడా ఒక్క ఊపిరిలో రాలేదు. వాడు ఏడ్చినాడు. మా ఆయన 108కు ఫోన్ చేసినాడు. పత్తికొండలో ఆక్సిజన్ పెట్టి కర్నూలుకు పంపినారు.

నాలుగు రోజులు ఉన్నా. ఆ నాలుగు రోజులు కళ్లం ఆగింది, కూలీలు వేరేవాళ్ల పొలానికి పోయినారు, ఇంటికాడ జీవాలకు మేత వేసేవాళ్లు లేరు. లింకేజీ సంతకాల రోజు పోయింది. రానుపోను ఖర్చులకు, బయట కొన్న మందులకు గ్రూపు నుంచి అత్యవసర అప్పు తీసుకున్నా. మూడు వందల డబ్బా గూట్లో అట్లే ఉంది.

అక్కడ డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "తేలిక ఉబ్బసం అంటే రోజూ ఉండే బాధ తేలిక అని. ప్రాణం మీదికి రాదు అని కాదు" అన్నారు. ఆ మాట నాకు గుండెలో పడింది. ఇది నా ఒక్కదాని సంగతి కాదు. తేలికపాటి ఉబ్బసం ఉన్నోళ్లలో కూడా ఉన్నట్టుండి గట్టి ఆయాసం వచ్చి ఆస్పత్రి పాలయ్యేవాళ్లు, చనిపోయేవాళ్లు ఉన్నారు.

వేరే దేశాలోళ్లు ఏం చూసినారు

ఇది మన ఒక్క ఊరి కథేనా అంటే కాదు. ఫిన్లండు అనే చలిదేశంలో కొత్తగా ఉబ్బసం వచ్చిన 103 మందిని తీసుకున్నారు. సగం మందికి పీల్చే స్టెరాయిడ్, సగం మందికి ఊపిరి తెరిచే మందు రోజూ ఇచ్చి రెండేండ్లు చూసినారు. ఆ ఫలితం 1991లో అచ్చయింది. స్టెరాయిడ్ పీల్చినోళ్లకు బాధలు తగ్గినాయి, ఊపిరి పెరిగింది, గొట్టాల సున్నితమూ తగ్గింది. రెండో గుంపుకు అంత మేలు జరగలేదు. తర్వాత మూడో ఏడు స్టెరాయిడ్ వాడినోళ్లలో కొందరికి మోతాదు తగ్గించినారు, కొందరికి పూర్తిగా ఆపినారు. తగ్గించినోళ్లలో ఎక్కువ మంది బాగానే నిలబడినారు. ఆపేసినోళ్లలో చాలామందికి మళ్లా మొదలైంది. అది 1994లో అచ్చయింది.

తర్వాత 32 దేశాల్లో తేలిక ఉబ్బసం ఉన్న ఏడు వేల మందికి పైగా మీద ఇంకో పెద్ద పరీక్ష జరిగింది. 2003లో అచ్చయింది. రోజుకొక్కసారి తక్కువ మోతాదు బ్యుడెసొనైడ్ పీల్చినోళ్లలో గట్టి ఆయాసం వచ్చే ముప్పు దాదాపు సగానికి తగ్గింది.

అందుకే ప్రపంచమంతా ఉబ్బసానికి సలహాలిచ్చే గినా అనే సంస్థ 2019 నుంచి ఒక మాట గట్టిగా చెప్తా ఉంది. పెద్దవాళ్లు, పన్నెండేండ్లు దాటిన పిల్లలు ఊపిరి తెరిచే సాల్బుటమాల్ ఒక్కదాని మీదే బతకకూడదు, పీల్చే స్టెరాయిడ్ కూడా ఏదో ఒక విధంగా అందాల అని. కొందరికి రోజూ పీల్చమంటారు. కొందరికి బ్యుడెసొనైడ్, ఫార్మొటెరాల్ రెండూ కలిసిన ఒకే పంపు ఇచ్చి, ఇబ్బంది అయినప్పుడు పీల్చమంటారు. ఏ దారి ఎవరికి అనేది డాక్టరు చెప్పాల. పక్కింటక్క పంపు మనకు పనికి రాదు.

స్టెరాయిడ్ అనే భయం

ఇప్పుడు అందరి నోట్లో ఉన్న మాట. "స్టెరాయిడ్ అక్కా, కిడ్నీలు పోతాయంట."

మనం లెక్కలు రాసేవాళ్లం కదా, లెక్క వేద్దాం. పంపు మందును మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. వెయ్యి మైక్రోగ్రాములు అయితే ఒక మిల్లీగ్రాము. నాకు రాసింది పొద్దున 200, రాత్రి 200. రోజుకు 400 మైక్రోగ్రాములు. ఏడాదంతా ఒక్కరోజూ మానకుండా పీలిస్తే 1,46,000 మైక్రోగ్రాములు.

అదే గట్టి ఆయాసం వచ్చినప్పుడు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. రోజుకు 40 మిల్లీగ్రాములు, ఐదు రోజులు అనుకుందాం. అంటే 200 మిల్లీగ్రాములు. మైక్రోగ్రాముల్లో 2,00,000. అంటే ఐదు రోజుల మాత్రల బరువు ఏడాది పంపు మందు కన్నా ఎక్కువ. రెండూ వేరే వేరే మందులు, బరువు ఒక్కటే చూసి బలం సమానమని చెప్పకూడదు. కానీ ఇంకో తేడా ఉంది. మాత్ర కడుపులోకి పోయి రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంది. పంపు మందు నేరుగా ఊపిరి గొట్టాలకు పోతుంది, ఒళ్లంతా తిరిగేది చాలా తక్కువ.

ఆ మాత్రలు చెడ్డవని కాదు. నన్ను ఆ పొద్దు బతికించినవాటిలో అవీ ఉన్నాయి. నేను చెప్పేది ఒక్కటే. పంపు భయానికి పంపు మానేసి, ఏడాదికి రెండు మూడుసార్లు ఆయాసం తెచ్చుకుంటే, మనం భయపడిన స్టెరాయిడే ఎన్నో రెట్లు ఒంట్లోకి పోతుంది. ఇంకొక మాట. కొన్నిచోట్ల ఆయాసానికి ఊర్లో వేసే సూదుల్లో కూడా స్టెరాయిడే ఉంటుంది. సూది అంటే భయం లేదు, పంపు అంటే భయం! ఇకమీదట సూది వేయించుకునే ముందు "ఇదేం మందు, పేరు రాసివ్వండి" అని అడగండి. మన డబ్బు, మన ఒళ్లు. గ్రూపులో ప్రతి రూపాయికీ ఓచర్ అడిగేవాళ్లం, దీనికి అడగలేమా?

పంపు మందుకు ఇబ్బందులు అస్సలు లేవా అంటే, ఉన్నాయి. దాచిపెట్టి చెప్తే మీరు మళ్లా నన్ను నమ్మరు. గొంతు బొంగురు పోవచ్చు. నోట్లో తెల్లపూత రావచ్చు. పీల్చిన తర్వాత నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే ఇది చాలావరకు రాదు. పిల్లలు ఏండ్ల తరబడి వాడితే పొడవులో ఒక సెంటీమీటరు అటు ఇటు తగ్గవచ్చు. ఊపిరాడక బడి మానుకొని, ఆటలు మానుకొని, రాత్రులు నిద్ర లేకుండా పెరిగే బిడ్డకు జరిగే నష్టంతో పోల్చి చూసుకోండి. ఎక్కువ మోతాదు ఏండ్ల తరబడి వాడాల్సినవాళ్లను డాక్టరు కనిపెట్టి చూస్తుండాల. అందుకే ఊపిరి నెమ్మదిగా ఉన్నప్పుడు, మూడు నెలలకొకసారి పోయి చూపించుకుంటే మోతాదు తగ్గిస్తారు. తగ్గించేది డాక్టరు. ఆపేది మనం కాదు. కడుపుతో ఉన్న చెల్లెళ్లు కూడా భయపడి మానేయొద్దు. తల్లికి ఊపిరాడకపోతే బిడ్డకూ ఆడదు. వెంటనే డాక్టరును అడగండి.

పీల్చే విధం

మందు మంచిదైనా పీల్చే విధం తప్పైతే అది నాలుక మీదే పడిపోతుంది. నేను మొదటి మూడు వారాలూ సగం తప్పే చేసినా.

డబ్బా బాగా ఊపాల. ఊపిరి మెల్లగా బయటికి వదలాల. పంపు నోట్లో పెట్టి పెదాలు బిగించాల. మెల్లగా, లోతుగా పీల్చడం మొదలుపెడుతూ ఒక్కసారి నొక్కాల. పది లెక్కపెట్టే దాకా ఊపిరి బిగపట్టాల. ఇంకో పఫ్ ఉంటే అర నిమిషం ఆగి తీసుకోవాల. అయిపోయినాక పుక్కిలించి ఉమ్మాల. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరనివాళ్లకు, ముసలోళ్లకు, పిల్లలకు స్పేసర్ అనే డబ్బా ఉంటుంది. పంపును దానికి తగిలిస్తే మందు దాంట్లో నిలుస్తుంది, నిదానంగా పీల్చుకోవచ్చు. పొడి మందు పీల్చే పరికరం అయితే దాని పద్ధతి వేరు, అక్కడే చూపించమని అడగండి.

200 పఫ్‌ల డబ్బా రోజుకు రెండు చొప్పున 100 రోజులు వస్తుంది. మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద రాయండి. లెక్క చూసుకోండి.

మన నమ్మకాలు, మన సిగ్గు

మృగశిర కార్తెకు హైదరాబాదులో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం వాళ్లు కొర్రమీను పిల్లతో ఇచ్చే చేప ప్రసాదానికి మన దిక్కు నుంచి కూడా పోతారు. పోవద్దని నేను అనను, ఎవరి నమ్మకం వాళ్లది. కానీ అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని పరీక్షల్లో రుజువు కాలేదు. ఉబ్బసం దానంతట అదే కొన్ని నెలలు తగ్గి, మళ్లా పైకి లేచే జబ్బు. తగ్గిన కాలంలో ఏం తిన్నా అదే తగ్గించింది అనిపిస్తుంది. మీరు ఎక్కడికి పోయినా, ఏం తిన్నా, పంపు మాత్రం మానొద్దు. సంచిలో పెట్టుకొనే పొండి.

ఇక సిగ్గు సంగతి. నేను ఎందుకు దాచినా? "లీడరుకు దమ్ము జబ్బంట" అంటారని. నాకు ఆడబిడ్డ ఉంది, రేపు సంబంధం చూసేటప్పుడు "తల్లికి ఉబ్బసం" అంటారని. నా ఒక్కదాని ఇంట్లోనే కాదు, పైట కింద పంపు దాచిపెట్టి, బాత్‌రూములో పీల్చుకునే చెల్లెళ్లు ఈ సభలోనే ఉంటారు. ఇది అంటుకునే జబ్బు కాదు. ఒక ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రావచ్చు, అంతే. అది కూడా మందుతో అదుపులో ఉంటుంది. దాచిన ఉబ్బసమే ప్రాణం తీస్తుంది.

పొయ్యి పొగ గురించి ఒక్క మాట. 1999లో దీపం పథకం వచ్చినప్పటి నుంచి మనకు గ్యాసు వచ్చింది. కానీ రొట్టెలకు, నీళ్లు కాచేదానికి ఇంకా కంది కట్టె, పత్తి కట్టె పెడుతూనే ఉన్నాం. కనీసం పొయ్యి బయట పెట్టుకుందాం. కళ్లంలో, కసువు ఊడ్చేటప్పుడు ముక్కుకు తడిగుడ్డ కట్టుకుందాం. ఏండ్ల తరబడి పొగ తాగిన పెద్దమ్మలకు వచ్చే ఆయాసం ఉబ్బసమే అయ్యుండదు, వేరే ఊపిరి జబ్బు కావచ్చు. అందుకే ఊదే పరీక్ష చేయించాల.

మాట ఆగి ఆగి వస్తున్నా, ఊపిరి తెరిచే మందు పీల్చినా తగ్గకపోయినా, పెదాలు నీలంగా మారినా, తెల్లారనీ అని చూడొద్దు. వెంటనే 108.

సమాఖ్యకు నా మనవి

మనకు పంచ సూత్రాలు ఉన్నాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. ఒక నెల చేతిలో డబ్బు బాగా ఉందని పొదుపు ఆపితే గ్రూపు నిలబడుతుందా? పీల్చే మందు కూడా అట్లాంటి పొదుపే. బాగున్న రోజున వేసిందే బాగలేని రోజున ఆదుకుంటుంది.

అందుకని మూడు మనవులు చేస్తా ఉన్నా. తీర్మానం రాసుకోమని అడుగుతా ఉన్నా.

మొదటిది, ప్రతి గ్రామ సమాఖ్య ఆరోగ్య ఉపసంఘం తన ఊర్లో రాత్రి దగ్గు, పిల్లికూతలు, ఆయాసం ఉన్న సభ్యుల్ని, వాళ్ల పిల్లల్ని గుర్తించాల. బుడ్డలు కొట్టే కాలానికి ముందే ఊదే పరీక్షకు పంపాల. వాళ్ల పేర్లు సభలో చదవొద్దు. ఎవరి గుట్టు వాళ్లది.

రెండోది, అత్యవసర అప్పు ఆస్పత్రిలో పడినాక ఇస్తున్నాం. పంపు, స్పేసర్ కొనడానికి కూడా చిన్న అప్పు ఇవ్వాల. మూడు నాలుగు వందల అప్పు వేల అప్పును ఆపుతుంది. ముందు సర్కారు ఆస్పత్రిలో అడగాల, లేకపోతే జన ఔషధి దుకాణంలో అడగాల, అక్కడా లేకపోతే బయట కొనాల.

మూడోది, నెలకొక సమావేశంలో ఐదు నిమిషాలు. "పంపు వాడేవాళ్లు వాడుతున్నారా, పుక్కిలిస్తున్నారా, మూడు నెలలకు చూపించుకున్నారా" అని అడగాల. పొదుపు కట్టినావా అని అడిగినంత మామూలుగా అడగాల.

ఈ పత్తికొండలోనే 1827 జూలై 6న మన్రో దొర కలరాతో చనిపోయినాడు. మద్రాసు గవర్నరు. అంత పెద్దోడికి కూడా ఆ కాలంలో ఆ జబ్బుకు దారి తెలీదు. ఈరోజు విరేచనాలు పట్టుకుంటే అంగన్‌వాడీ చెల్లి కూడా ఓఆర్ఎస్ పొట్లం ఇస్తుంది. ఉబ్బసానికి కూడా ఈరోజు దారి తెలుసు. ఆయనకు దారి లేక పోయినాడు. మనం దారి ఉండి గూట్లో పెట్టుకొని పోకూడదు.

నేను మళ్లా పంపు మొదలుపెట్టి ఏడాది దాటింది. మొన్న బుడ్డల కాలం గడిచింది. దుమ్ము పడకుండా దూరంగా ఉన్నా, గుడ్డ కట్టుకున్నా, పొద్దున రాత్రి పీల్చినా. ఒక్క రాత్రి కూడా లేవలేదు. డాక్టరమ్మ మోతాదు సగానికి తగ్గించినారు. ఇదిగో, పంపు ఈ సంచిలోనే ఉంది. ఇకమీదట దాచను. ఎవరికైనా పీల్చే విధం తెలియకపోతే, భోజనాల తర్వాత ఆ వేపచెట్టు కింద కూర్చుంటా, వచ్చి అడగండి. సిగ్గుపడొద్దు.